పోశెట్టి గుంట లెక్క

నాగిరెడ్డిపేట నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో పోశెట్టి ఎక్కాడంటే ఎవరో ఒకరు మోసపోవాల్సిందే. "ముప్పై మూడు అడుగుల పొడవు, గంతే వెడల్పు ఉంటే ఒక గుంట. అరవై ఆరు అడుగుల పొడవు, గంతే వెడల్పు ఉంటే ఎన్ని గుంటలు?" అని అడిగేవాడు. రెండు అనగానే తొడ చరిచి నవ్వేవాడు. "నాలుగు! పొడవుతోని వెడల్పు గూడ పెరిగింది గదనే!"

ఆ తెలివంతా ఈ యాసంగిలో ఎక్కడికి పోయిందో! నిరుడు అరవై ఆరు అడుగుల నారుమడికి నాలుగు మూతల కలుపు మందు కొట్టాడు. ఈసారి మడి పొడవూ సగమే, వెడల్పూ సగమే కదా అని రెండు మూతలు కలిపాడు. ఒక్క మూత చాలు. వారం తిరగకముందే నారంతా మాడిపోయింది.

భార్య లింగవ్వ గట్టు మీద కూలబడింది. "ఊరందర్ని అడిగినవ్ గద ఆ లెక్క. నిన్ను నువ్వు ఒక్కసారన్న అడుగకపోతివి!"

పోచారం ప్రాజెక్టు కింద నాట్లు అయిపోవచ్చాయి. మళ్లీ విత్తనాలు చల్లే అదను లేదు. నారు వెతుక్కుంటూ పోశెట్టి బస్సెక్కాడు.

"ఏంది బాపూ, ఇయ్యాల లెక్క అడుగుతలేవు?" అన్నాడు ముందు సీటాయన.

పోశెట్టి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. "ఎవరి దగ్గరన్న జరంత నారు మిగిలిందా?"

బస్సంతా ఆలోచనలో పడింది. ముందు సీటాయన వేలు పైకెత్తాడు.

"ఆగు బాపూ, చెప్పకు. ఈసారి నేను మోసపోను."