కానాలో రాయించిన పేరు

దయ్యం పట్టిందని మా ల్యాబుకు తీసుకొచ్చిన ఆడపిల్లల్ని నేను చాలామందిని చూశాను. హిందూపురంలో పన్నెండేళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్నాను. పిల్ల మెడలో తాయెత్తు, నుదుట విభూతి, పక్కన ఏడుస్తూ ఒక అవ్వ. సూది గుచ్చి చూస్తే హిమోగ్లోబిన్ ఆరు. "అవ్వా, దయ్యమూ లేదు గియ్యమూ లేదు, పిల్ల ఒంట్లో రక్తం లేదు, డాక్టరు దగ్గరికి తీసుకపో" అని కసిరి పంపిస్తాను.

చర్చికి పోతాను, ప్రార్థన చేస్తాను. అది వేరే సంగతి. ఎవరైనా లేచి నిలబడి "నాకు స్వరం వినిపించింది" అని సాక్ష్యం చెబితే, ముందు బీపీ చూపించుకోమని చెప్పాలనిపించే రకం నేను.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. జరిగింది పగలు పదకొండు గంటలకు, ముప్పై ఎనిమిది మంది మధ్యలో. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పైన ఒక్క ముక్క కూడా కలపను.

ముందు మా నాయన గురించి చెప్పాలి. పేరు దానియేలు, పెనుకొండ మనిషి, కరెంటు లైన్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు ధర్మవరంలో డ్యూటీ. అక్కడ మగ్గాల వీధిలో స్తంభం ఎక్కి, కింద అరుగు మీద పట్టునూలు చుడుతున్న అమ్మాయిని చూశాడు. ఆమే మా అమ్మ. వాళ్లది హిందువుల ఇల్లు, నేతపని. రెండేళ్లు ఎవరికీ తెలియకుండా నడిపి, ఒకరోజు ఇద్దరూ హిందూపురం వచ్చి రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టేశారు.

చర్చిలో పెళ్లి జరగలేదు. అమ్మాయి ముందు బాప్తిస్మం తీసుకోవాలని, ఏడాది పాటు వాక్యం నేర్చుకోవాలని అప్పటి పాస్టరు అయ్యగారు అన్నారట. నాయనకు కోపం నషాళానికంటింది. మూడేళ్ల తర్వాత అమ్మ తనంతట తానే బాప్తిస్మం తీసుకుని మరియమ్మ అయింది. ఇప్పుడు రండి, ఆశీర్వదిస్తానని అయ్యగారే కబురు పెట్టారు. నాయన పోలేదు. "అప్పుడు పనికిరాని పెండ్లి ఇప్పుడెందుకు?" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

అమ్మ గొడవ పడలేదు. కానీ ముప్పై నాలుగేళ్లు ఆ కోరిక ఆమె లోపల అట్లాగే ఉండిపోయింది. చర్చిలో ఎవరి పెళ్లికి పోయినా వెనక బెంచీలో కూర్చునేది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ప్రమాణం చదువుతుంటే అమ్మ పెదాలు కూడా కదిలేవి. చిన్నప్పుడు చూసి నవ్వుకునేదాన్ని. పెద్దయ్యాక నవ్వు రాలేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చర్చీలు కలిసి బైబిలు దేశాల అధ్యయన యాత్ర పెట్టాయి. అప్పటికి ఆ దేశాల్లో పెద్ద గొడవలేవీ లేవు. ఊరికే చూసొచ్చే టూరు కాదు, చదువుకుని పోవాలి. పన్నెండు శనివారాలు హిందూపురంలో క్లాసులు, గోడకు మ్యాపు, అందరికీ నోటుపుస్తకాలు, చివర పరీక్ష కూడా. అమ్మ బలవంతం మీద నాయన చేరాడు. మొదటి క్లాసులోనే యాత్ర నడిపించే పాస్టరుగారిని, "ఆ దేశంలో కరెంటు స్తంభాలు ఇనుపవా, సిమెంటువా సార్?" అని అడిగాడట. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

ఏడో క్లాసో ఎనిమిదో క్లాసో, కానా ఊరి పాఠం. యేసు పెళ్లికి పోయి నీళ్లను ద్రాక్షారసం చేసిన ఊరు. ఇప్పటికీ అక్కడ భార్యాభర్తలు జంటగా నిలబడి మళ్లీ ప్రమాణం చేస్తారని, చర్చి వాళ్లు పేర్లు రాసి కాగితం ఇస్తారని పాస్టరుగారు చెప్పారు. అమ్మ తల ఎత్తలేదు. తిరుగు బస్సులో సోమందేపల్లి దాటాక నాయనే అన్నాడట: "నిలబడదాం లేమే. ఆ పెండ్లికి యేసయ్యే పోయినాడు. నేను పోతే నా సొమ్మేం పోయె?"

ఆ రాత్రి అమ్మ నాకు ఫోను చేసి ఈ మాట మూడుసార్లు చెప్పింది.

ప్రయాణానికి రెండు నెలల ముందు, ఒక ఉదయం కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ నాయన గుండె పట్టుకున్నాడు. పుట్టపర్తి ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

అమ్మ అందరిముందూ పెద్దగా ఏడవలేదు. పదిరోజుల తర్వాత నా పక్కన పడుకుని అంది: "నోటితో ఒప్పుకున్న్యాడు పాపా. నిజంగా నిలబడేవాడో, నన్ను ఊరడిద్దామని అన్న్యాడో. అది తెలీకుండానే పాయె."

అదే ఆమెను తినేసింది. మనిషి పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఈ అనుమానం ఒక ఎత్తు. అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట. "నిలబడేవాడంటావా?" నేనేం చెప్పను? "నిలబడేవాడు లేమ్మా" అంటే, "నీకేం తెల్సు ఆయప్ప మొండితనం" అనేది. నిలబడడేమో అంటే మొహం వాడిపోయేది.

ఇంట్లో ఉంటే ఇంకా దిగులు పెట్టుకుంటుందని, యాత్ర మానొద్దని నేనే పట్టుబట్టాను. నాయన చోటు నాకిచ్చారు. గల్ఫ్ ఉద్యోగానికని ఎప్పుడో తీసుకుని మూలన పడేసిన పాస్‌పోర్టు అట్లా పనికొచ్చింది.

బెంగళూరులో విమానం ఎక్కాం. యొర్దాను చూశాం, బెత్లెహేము చూశాం. అమ్మ చూసిన ప్రతిదీ నోటుపుస్తకంలో రాసుకుంది. బండరాళ్ల కొండలు కనిపిస్తే, "మన పెనుకొండ మాదిరే ఉండాది" అంది. 

అయిదోరోజు కానా. ఒక సందులో చిన్న చర్చి. అక్కడి ముసలి ఫాదర్‌కు ఎనభై దాటి ఉంటాయి. మందపాటి అద్దాలు, చెయ్యి కొంచెం వణుకు. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ మాట్లాడుతున్నాడు. తెలుగు అనే భాష ఒకటుందని కూడా ఆయనకు తెలియదు.

జంటలు ముందు బెంచీల్లోకి, మిగిలినవాళ్లు వెనక్కి అని పాస్టరుగారు చెప్పారు. అమ్మ ఎవరూ లేని చివరి బెంచీకి పోయి గోడవైపు కూర్చుంది. దారివైపు చోటు ఖాళీగా ఉంది. నేను కూర్చోబోతే, "ఈడ వద్దు, నువ్వు పోయి వాళ్లకు ఫోటోలు తీయి" అంది. నాకు అప్పటికే ఆరుగురు తమ ఫోన్లు అప్పగించారు. అందులో ఒకదాన్ని ముందువైపు కిటికీ గట్టు మీద నిలబెట్టి వీడియో ఆన్ చేశాను. చర్చి మొత్తం అందులో పడుతుంది.

ఫాదర్ చిన్న పుస్తకం పట్టుకుని బెంచీ బెంచీకీ వచ్చాడు. ప్రతి జంట దగ్గరా వంగి ఇద్దరి పేర్లూ అడిగి రాసుకున్నాడు. తర్వాత ప్రార్థన, ప్రమాణాలు. మా వాళ్లు తెలుగులో చదివారు. ధర్మవరం నుంచి వచ్చిన ఒకాయన ఏడ్చేశాడు, ఆయన భార్య కొంగుతో ఆయన ముక్కు తుడిచింది. ఆ ఫోటో బాగా వచ్చింది.

ఫాదర్ బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరికీ కాగితం రాసి, పేర్లు చదివి పిలిచి ఇచ్చాడు. పధ్నాలుగు జంటలు తీసుకున్నాయి. ఇంకో కాగితం మిగిలింది. ఆయన దాన్ని ఎత్తి పట్టుకుని చదివాడు.

"మరియమ్మ. సరోజ."

ఎవరూ లేవలేదు. రెండు ఆడపేర్లు వినేసరికి ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మొగుణ్ని పోగొట్టుకుని వచ్చిన మనిషి పేరు ఇట్లా నవ్వులపాలు చేస్తారా అని గబగబా ముందుకు పోయాను. కాగితం చూస్తే నిజమే. భార్య అన్నచోట మరియమ్మ. భర్త అన్నచోట సరోజ. ఇంగ్లీషు అక్షరాలు, వణుకుతున్న చేత్తో రాసినా స్పష్టంగా ఉన్నాయి.

ఇది తప్పు, ఆమె ఒంటరిగా వచ్చింది అని ఆయనకు చెప్పాను. ఆయన నావైపు చూసి, మా వెనక చివరి బెంచీ వైపు చూసి, నెమ్మదిగా ఇంగ్లీషులో అన్నాడు. ఆమె పక్కన కూర్చున్న మనిషే చెప్పాడు, మీవాళ్ల పేర్లు రాయడం నాకు రాదు కాబట్టి ఒక్కో అక్షరం విడిగా చెప్పి రాయించాడు. ఆ తర్వాత ఫాదర్ నన్నే అడిగాడు, ఆయన ఎక్కడికి పోయాడని.

పాస్టరుగారు పక్కనే ఉన్నారు. ఆయన కూడా చివరి బెంచీ వైపు తిరిగి చూశారు.

ఇంతలో అమ్మ లేచి వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ చదివిన పేరు విన్నది. కాగితం దిద్దించడానికి పెన్ను అడుగుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"దిద్దొద్దు. గమ్మునుండు."

అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. రెండు నెలలుగా నవ్వని మనిషి. భుజాలు ఎగిరెగిరి పడేలా, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వింది. దిగులుతో మతి చలించిందేమోనని పట్టుకుని బెంచీలో కూర్చోబెట్టాను.

బస్సు ఎక్కాక చెప్పింది.

"మా ఇంట్లో మీ నాయన పేరెత్తితే నరికేస్తారు. అందుకని ఆయప్పకు ఆడపేరు పెట్టుకున్న్యా. సరోజ ఇంటికి పోయొస్తా అంటే, మా అమ్మ పంపించేది. ఆయప్ప చీటీల కింద కూడా 'నీ సరోజ' అనే రాసేవాడు, యవురికన్నా దొరికితే బాగుండదని. మా అమ్మ ఒకసారి, 'యా సరోజే? నాకు చూపియ్యవేమే? ఒకపూట అన్నానికి పిల్చకరా' అనె."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"యవురికీ తెల్దు. ఇంట్లోంచి వచ్చే పొద్దు చీటీలన్నీ పొయ్యిలో వేసినా. పెండ్లయినాక ఆ పేరు మళ్లా ఎత్తిందే ల్యా. మనిషే ఇంట్లో ఉంటే దొంగపేరెందుకు?"

"నిలబడినాడు కదా పాపా. సాలు" అంది. నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. హోటలు వచ్చేదాకా లేవలేదు.

నేను ఊరుకోలేదు. ఆ సాయంత్రమే మా వాళ్ల జాబితా మొత్తం చూశాను. ముప్పై ఎనిమిది మందిలో సరోజ అనే పేరు లేదు, దగ్గరగా ఉండే పేరు కూడా లేదు. ఆ జాబితా ఫాదర్‌కు ఎవరూ ఇవ్వలేదు. పాస్టరుగారు బైబిలు మీద చెయ్యి పెట్టి, నాకేమీ తెలియదమ్మా అన్నారు. ఇంటికొచ్చాక పెనుకొండలో మా మేనత్తను అడిగాను, నాయన్ను చిన్నప్పుడు ఎవరైనా సరోజ అని పిలిచేవాళ్లా అని. "నీకేమన్నా పిచ్చా? మా యన్న మీసాలు చూసి ఆ పేరు పెట్టేదానికి యవురికి ధైర్యముండాది?" అంది.

ఇక వీడియో. దాన్ని ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. అందులో మనిషి ఎవరూ కనబడరు. చివరి బెంచీలో గోడవైపు అమ్మ ఒక్కతే, తల వంచుకుని ఉంది. ఫాదర్ వచ్చి వంగుతాడు. అమ్మ తల ఎత్తదు. పెదాలు కదులుతున్నాయేమోనని ఆపి ఆపి, పెద్దది చేసి చూశాను. కదల్లేదు. ఫాదర్ ఆమెవైపు చూడనే లేదు. ఆమె పక్కన, ఆమె తలకంటే జానెడు పైకి చూస్తూ తల ఊపుతాడు, రాస్తాడు, మళ్లీ చూస్తాడు, మళ్లీ రాస్తాడు. మా నాయన పొడుగరి.

ఫాదర్ మాట పక్కన పెడితే, అమ్మ పేరు ఎవరు చెప్పారో కూడా నాకు తెలియదు. తాను చెప్పలేదంటుంది.

ముసలాయన కళ్లు మోసం చేశాయనుకుందాం. అప్పుడు పేరు ఎక్కడిది? అమ్మే అంతకుముందు ఆయనకు చెప్పిందనుకుందాం. ఆమె బస్సు దిగినప్పటినుంచి బెంచీలో కూర్చునేదాకా నా పక్కనే ఉంది. ల్యాబులో ఏదైనా రిపోర్టు అనుమానంగా వస్తే మళ్లీ ఒకసారి చేసి చూస్తాం. దీన్ని మళ్లీ చేసి చూసే దారి లేదు.

అమ్మ ఇప్పుడు బాగుంది. కడుపునిండా తింటోంది, పక్కింటివాళ్ల మీద అరుస్తోంది. నాకే నిద్రపట్టడం లేదు. పోయిన నెల పెనుకొండ పోయినప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"అమ్మా, నాయనే వచ్చినాడనుకో. నిక్షేపంలాంటి పేరుండాది కదా, దానియేలని. పోయి పోయి చర్చిలో ఆ దొంగపేరు ఎందుకు చెప్పినాడు?"

అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపి, చదువుకున్నదానివి, నీకింత తెలివిలేదా అన్నట్టు చూసింది.

"దానియేలని చెప్పింటే నువ్వు నమ్మేదానివా? పాస్టరు చెప్పినాడంటావు, జాబితాలో చూసినాడంటావు. నేను కూడా అట్లే అనుకునిందును. మనిద్దరి సంగతీ ఆయప్పకు తెల్దా?"

ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కానీ ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు తెలుసు. నమ్మేదాన్ని కాదు.