తెలుపు లేని తెల్ల రుమాలు

జహీరాబాద్‌లో కిరాణా వ్యాపారం చేసే బస్వరాజు గారు, తండ్రి సంవత్సరీకానికి బొమ్మ వేయమని ఒక పాత ఫోటో ఇచ్చారు. నాలుగు నెలలు కూర్చుని దాన్ని ఒట్టి చుక్కలతోనే వేశాను. ఈ పద్ధతిలో రంగులు పలక మీద కలపకూడదు. పక్కపక్కనే చుక్కలుగా పెడితే, దూరం నుంచి చూసేవాడి కన్నే వాటిని కలుపుకుంటుంది. ఆ ఎనభైల్లో హైదరాబాదులో ఈ పిచ్చి పట్టినవాణ్ని నేనొక్కణ్నే అని నా గర్వం.

ఉదయం ఆరున్నరకు గౌలిగూడలో బస్సెక్కాను. బొమ్మ ఒక సీటు ఆక్రమించింది కనుక కండక్టరు దానికీ టికెట్ కొట్టాడు. సదాశివపేటలో టీకి ఆగినప్పుడు దాని మీది గుడ్డ జారింది. పక్కనున్న న్యాల్‌కల్ ఊరి రైతు జాలిగా చూశాడు.

"పాపం, పెద్దమనిషికి అమ్మవారు పోసిందా సారూ?"

"అవి రంగులండీ. దూరం నుంచి చూడాలి."

"బస్సుల ఎంత దూరం పోత?" అన్నాడు. నాకు ఒళ్లు మండి గుడ్డ బిగించి కట్టాను.

తొమ్మిదిన్నరకు జహీరాబాద్. రిక్షాలో ఇల్లు చేరేసరికి పది. పన్నెండుకు బంధువులు వస్తారు. బస్వరాజు గారు బొమ్మను వాకిట్లో గోడకు ఆనించి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు.

"సారూ, నాకు తెలివొచ్చినకాంచి మా నాయిన నెత్తికి తెల్ల రుమాలు తప్ప కట్టలే. గీ నీలి చుక్కలేంది, నారింజ చుక్కలేంది?"

"ఆ రెండూ పక్కపక్కనుంటేనే వెలుగు పుడుతుంది. పదిహేనడుగులు వెనక్కి రండి, తెల్లగా కనబడుతుంది."

"సుట్టాలు దగ్గరకొచ్చి దండం పెడ్తరు సారూ. పదిహేనడుగుల అవతల నిలవడి పెడ్తరా?"

అంతటితో ఆగక, వీధి చివర దుకాణాల బోర్డులు రాసే పెయింటరును పిలిపించారు. అతను తెల్ల రంగు డబ్బా, బెత్తెడు కుంచె పట్టుకొచ్చాడు. "ఫికర్ జెయ్యకుండ్రి, రుమాలు మొత్తం తెల్లగ కొడ్త. పది నిమిషాల పని" అన్నాడు. నాలుగు నెలల కష్టం. సిగ్గు విడిచి బొమ్మకు అడ్డంగా నిలబడ్డాను. బస్వరాజు గారు మర్యాదగానే నా రెక్క పట్టి పక్కకు లాగారు.

సరిగ్గా అప్పుడే వాళ్లమ్మగారు వాకిలి ఆ చివరనున్న వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. బొమ్మ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"బస్వా, మీ నాయినను ఎండల కూసోవెట్టిన్రేంది? జర నీడకు తీస్కరాండ్రి."

 ఆమె కళ్లు చికిలించారు.

"సూడు, రుమాలు మల్ల మాపుకున్నడు. ఎన్నిసార్లు అడిగినా ఉతకనియ్యడాయె."

బస్వరాజు గారు వెళ్లి తల్లి పక్కన నిలబడి చూశారు. చాలాసేపు చూశారు. తిరిగొచ్చి పెయింటరు డబ్బాకు తనే మూత పెట్టారు. తరువాత ముగ్గుపిండితో వాకిట్లో అడ్డంగా గీత గీసి, వచ్చిన ప్రతి చుట్టాన్నీ దాని వెనకే నిలబెట్టి దండం పెట్టించారు.

గీతను లెక్కచేయనిది వాళ్లమ్మగారు ఒక్కరే. తిన్నగా బొమ్మ దగ్గరకు వెళ్లి తడిమి చూశారు. "దగ్గరకొస్తె కనవడ్తలేడు" అని వెనక్కి వచ్చి, తన పీట వంటింటి గుమ్మంలో వేయించుకుని అక్కడే అన్నం తిన్నారు.

మూడింటి బస్సుకు తిరుగు ప్రయాణం. పక్కసీటు ఖాళీ. నాలుగు నెలలు ఆ పెద్దమనిషి ముఖంలో ముఖం పెట్టి పనిచేశాను. ఆయన్ని మొదటిసారి చూసింది మాత్రం, ఇందాక వంటింటి గుమ్మంలో ఆమె వెనక నిలబడి.