వంటింటి గోడ మీద పెన్సిలు గీత

“ఏమండీ, నా పని కావాలంటే నేనూ అడ్వాన్సు ఇచ్చుకోవాలా?”

అడిగింది మేస్త్రి భార్య. అడిగి ఊరుకోలేదు. దాచుకున్న డబ్బులోంచి మూడు వేలు తెచ్చి షాపులో అతని చిత్రిక బల్ల మీద పెట్టింది. పనివాళ్ళు తలలు దించుకుని నవ్వారు. మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూనే డబ్బు జేబులో వేసుకున్నాడు.

వీధిలో అతన్ని గడియారం మేస్త్రి అనేవారు. ఇంటింటికీ కొలత తీసి వంటింటి అల్మరాలు చేయడం అతని పని. పొద్దున కోత, మధ్యాహ్నం బిగింపు, సాయంత్రం కొత్త ఇళ్ళలో కొలతలు. ఒక పూట పనిని ఇంకో పూటలోకి రానిచ్చేవాడు కాదు. ఎవరి పని ఎప్పుడో షాపు గోడ మీది నల్లబోర్డు చెప్పేది. అడ్వాన్సు ఇస్తేనే బోర్డెక్కేది. కొలత తేడా వస్తే అడ్వాన్సు వాపసు.

కొలతలోనూ అతనిది సొంత పద్ధతి. టేపు తర్వాత. ముందు ఆ ఇంట్లో వండే మనిషిని పొయ్యి దగ్గర నిలబెట్టి, “కళ్ళు మూసుకుని ఉప్పు డబ్బా అందుకో అమ్మా” అనేవాడు. గాలిలోకి లేచిన చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ గోడ మీద పెన్సిలు గీత. ఒకసారి గీసిన గీతను మళ్ళీ సరిచూడడు. టైము దండగ అనేవాడు, అదో గొప్పలా.

తాముండే ఇంట్లో దిగిన కొత్తలో భార్యకూ అలాగే గీశాడు. అంతే, పని అక్కడే ఆగింది. తర్వాత గోడకు రెండుసార్లు సున్నం వేయించినా, ఆ గీతల మీద కుంచె పడనివ్వలేదు ఆవిడ. ఏళ్ళు చూసి చూసి అడ్వాన్సు ఇచ్చింది.

బోర్డు మీద ఆవిడ పేరెక్కింది, అన్నిటికన్నా అడుగున. ఆలస్యమైతే డబ్బు కోస్తామని బెదిరించినవాళ్ళు పైకి పాకుతూనే ఉన్నారు. ఆవిడ దగ్గర ఆ బెదిరింపు లేదు, నోరుంది. పోయినవాళ్ళకు లేని ఓర్పు అంటగట్టడం మనకు అలవాటు. ఈవిడకు ఓర్పు లేదు.

“మేస్త్రిగారూ, నా వంతు వచ్చేసరికి నాకు పళ్ళుంటాయా?” అనేది అన్నం వడ్డిస్తూ.

“వరస తప్పితే షాపు మూసుకోవాలే.”

“తప్పిస్తున్నది మీరే కదా.”

అతను అన్నం కలుపుకునేవాడు.

ఒకరోజు ఉప్పు, పప్పులు, టీపొడి, డబ్బాలన్నీ గోడకున్న పాత చెక్క మీంచి నేల మీదికి దిగాయి, గోడవారగా బారుగా. తన బోర్డు మీది వరసను వెక్కిరిస్తోందనుకున్నాడు మేస్త్రి. కొన్నాళ్ళు మొహం మాడ్చుకుని తిరిగాడు. చివరికి రోషమొచ్చి, ఆవిడ అక్కగారింటికి వెళ్ళిన వారంలో షాపు మూసి, పనివాళ్ళను ఇంటికి తెచ్చాడు. గోడ మీది గీతల ప్రకారం అరలు బిగించాడు. చప్పుడు లేకుండా మూసుకునే తలుపులు పెట్టాడు. అంత మంచి పని అతను ఏ ఇంటికీ చేయలేదు.

ఆవిడ వచ్చి, సంచి దించకుండానే చాలాసేపు చూసింది.

“కళ్ళు మూసుకుని ఉప్పు అందుకో,” అన్నాడు పొంగిపోతూ.

ఆవిడ కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి గుండె దాకా లేచి, వణికి, ఆగిపోయింది.

“పై అరలు చుట్టాలకా?” అంది కళ్ళు తెరవకుండానే.

“చెయ్యి ఎప్పట్నించి ఇలా?”

“డబ్బాలు దించినప్పట్నించి.”

“నాకు చెప్పొద్దూ?”

“రోజూ వాటిని దాటుకునేగా షాపుకు వెళ్ళారు.”

మేస్త్రి పెన్సిలు తీశాడు. పాత గీతకు మూరెడు కింద కొత్త గీత గీశాడు. అరలన్నీ విప్పి దించుతానన్నాడు.

“ఎప్పుడు?”

“చేతిలో ఉన్న ఇల్లు అవ్వగానే.”

మర్నాడు బోర్డు మీద మళ్ళీ ఆవిడ పేరు రాశాడు. ఈసారి అడుగున కాదు, రెండోది. ఇప్పటికీ ఆ సంగతి అందరికీ చెప్పుకుంటాడు, దాంతో ఏదో తేడా పడ్డట్టు.

చేతిలో ఉన్న ఇల్లు పూర్తి కాకముందే, చేతితో మొదలైన జబ్బు గొంతుకు పాకింది. ఆవిడకు ముద్ద దిగలేదు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మేస్త్రి షాపు తెరవలేదు. ఏ పూట ఏదో అతనికి తెలియలేదు. ఆవిడ ఇంటికి తిరిగి రాలేదు.

తర్వాత అతను అరలు దించబోతుంటే ఆవిడ అక్కగారు ఆపింది. “ఇప్పుడు దించి ఎవరికి అందిస్తారు మరిదిగారూ?”

అరలు పైనే ఉన్నాయి, ఖాళీగా. డబ్బాలు నేల మీదే ఉన్నాయి. కొలత తేడా వస్తే అడ్వాన్సు వాపసు అన్నది షాపు నియమం. ఆవిడ మూడు వేలు మేస్త్రి ఇంకా బాకీ.