పక్కచెక్కలో తుమ్మెద కాపురం

నేను హుమాయూన్‌ని. పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. యాభై రెండేళ్లుగా ఆటోనగర్‌లో లారీలకు చెక్క బాడీలు కడుతున్నాను. తొమ్మిది వందలు దాటాయి. నా బాడీలో వడ్ల బస్తాలేసుకుని కటక్ దాకా పోయొచ్చిన లారీలున్నాయి. పోయినేడు మంగళగిరిలో మేస్త్రీలంతా కలిసి నాకు శాలువా కప్పారు. హుమాయూన్ పుచ్చుచెక్క పెట్టాడన్న మాట ఇన్నేళ్లలో ఎవరి నోటా రాలేదు.

మొన్న మార్చిలో రాబోయింది.

గుడివాడ వెంకటప్పయ్య గారు తన కొత్త లారీ బాడీ చూసుకోవడానికి వచ్చి, ఇంకా రంగెయ్యని పక్కచెక్క దగ్గర ఆగిపోయారు. ఆవగింజలో సగం కూడా లేని పురుగులు పది పదిహేను, దాని మీద ఒకటే పరుగు.

"ఏంటి మేస్త్రీ గారూ, నా బండికి అప్పుడే లోడెత్తారా?" అన్నారు.

అవి పుచ్చు పురుగులే అయితే బండిని వేరే షెడ్డుకు తోలుకుపోతానని కూడా అన్నారు.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివే నా మనవరాలు జుబియాకి ఫోన్ చేస్తే, పటమట నుంచి భూతద్దం పట్టుకొచ్చింది. ఇవి చెక్క తినవని తేల్చింది. తుమ్మెద చెక్క తొలిచి కట్టుకున్న గూటి దగ్గర ఒక ఎర్రటి పెద్ద పురుగు గుడ్లు పెడుతుందట. పుట్టిన పిల్లలు పరుగున ఆ గూట్లో దూరతాయట. తుమ్మెద తన పిల్లలకు దాచుకున్న మేత దొరికాక ఇక పరుగులుండవు, తిని బలిసిపోవడమే.

"మా బావమరిది కూడా అంతేనమ్మా" అని వెంకటప్పయ్య గారు తేలికపడ్డారు.

నేనూ మీసం తిప్పబోయాను. జుబియా నా వైపు చూసి, "మరి తుమ్మెద గూడెక్కడుంది దాదా?" అంది.

ఎక్కడుందో నాకు తెలుసు. జనవరిలో ఆ చెక్కకు వేలు పట్టేంత గుండ్రటి కన్నం కనబడింది. ఊదితే చప్పుడు లేదు. పాత కన్నమే కదా అని రంపంపొట్టు, జిగురు కలిపి పూడ్చి, పైన నున్నగా చిత్రిక పట్టాను. మేకు కన్నాలకు మేమంతా చేసే పనే. చెక్క తిరగేసి మాత్రం చూడలేదు.

"కన్నం నేనే పూడ్చానండీ" అన్నాను.

బోల్టులు విప్పి, చెక్క దింపి, ఆయన ఎదురుగానే కోశాను. వెనకవైపు ఇంకో కన్నం. లోపల వరసగా గదులు, గదికో పసుపు పచ్చటి పుప్పొడి ముద్ద. ఒక ముద్ద మీద మన పరుగుల పురుగు అప్పటికే చేరింది.

వెంకటప్పయ్య గారు వంగి గదులన్నీ చూశారు. తర్వాత బండి ఇక్కడే ఉంచుతానని, కాకపోతే మిగతా చెక్కలు తనే కొట్టి చూసుకుంటానని అన్నారు. సుత్తి ఆయన చేతికిచ్చాను. నా షెడ్డులో నేను పక్కన నిలబడి, ఇంకొకరు చెక్క కొట్టి చూడటం అదే మొదలు. ఆయన ముప్పై ఆరు చెక్కలూ కొట్టారు, ఒక్కటీ వదల్లేదు.