అమ్మ అరచేతిలో ఎర్ర పురుగు

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు మా బోయిగూడలో అందరికీ ఫౌజు లారీల భయం. నాకు మాత్రం కాజాల భయం. అమ్మా నేనూ దర్జీ దుకాణానికి షేర్వానీలకు గుండీల కాజాలు కుట్టి బతికేవాళ్లం. పక్షవాతంతో అమ్మ కుడిచెయ్యి పడిపోయాక ఆమె వంతు కూడా నా మీదే పడింది. వంట, కాజాలు, అమ్మ చేతికి మాలిష్. విసుగు ముఖంలో కనిపించకుండా దాచుకోవడం ఇంకో చాకిరీ. అమ్మ మాత్రం తన సూదిని రవికెకు గుచ్చుకునే ఉండేది. "చెయ్యి వస్తది బిడ్డా, జెర ఓపిక పట్టు" అనేది.

మాలిష్ తైలం ఆరుద్ర పురుగులతో కాచేది. అది ఇచ్చే హకీం సాబ్ ఆ గడబిడలో దుకాణానికి తాళం వేసి ఎటో వెళ్లిపోయాడు. సీసా ఖాళీ అయింది.

"పురుగులు తే, మనమే కాచుకుందాం" అంది అమ్మ.

ఆ పురుగులు వచ్చేది తొలకరికి. వానలు వెనకబట్టాక ఎక్కడ దొరుకుతాయి? ఆ మాట అనే ఓపిక కూడా లేక, చిలకలగూడ వైపు ఖాళీ జాగాల్లో వంగి వంగి వెతికాను. నడుము పట్టేసింది. చివరికి ఇసుకలో ఒక్కటి కనిపించింది, ఎర్రగా, మఖ్మల్ గుడ్డలా. ఆరుద్ర పురుగు నింపాదిగా నడుస్తుంది. ఇది ఉరికింది. అలసిన కళ్లకు ఎరుపొక్కటే ఆనింది, అగ్గిపెట్టెలోకి తోసుకుని తెచ్చాను. దాన్ని వెల్వెట్ చీమ అంటారని, నిజానికి చీమ కాదు, రెక్కల్లేని కందిరీగ అని ఎన్నో ఏళ్లకు తెలిసింది. తెలిసి ఏం లాభం!

మందేదైనా కుడిచేత్తోనే అందుకోవాలని అమ్మ పట్టుదల. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, వేళ్లు విప్పి, "ఇండ్ల వెయ్యి, చూస్తా" అంది.

వేశాను. పురుగు అరచేతిలో అటూ ఇటూ తిరిగి, తోక వంచి ఆగింది. అమ్మ మురిసిపోతూ చూస్తోంది. కింద పడుతుందేమోనని పట్టుకోబోయాను. నా వేలికి చురుక్కున పొడిచింది. నిప్పు పెట్టినట్టు మంట. కెవ్వుమన్నాను.

"ఏమైందే? నన్నైతే ఏం చెయ్యలే" అంది అమ్మ.

ఆమె అరచెయ్యి అప్పటికే రెండుచోట్ల ఉబ్బింది.

నేను చూస్తున్న చోటికే ఆమె చూపూ వెళ్లింది. ఆ వాపును ఎడమ వేలితో నొక్కి చూసుకుంది. మళ్లీ గట్టిగా నొక్కింది. నాకు ఏడుపొచ్చింది, వేలి మంటకు కాదు.

అమ్మ రవికెకున్న సూది తీసింది. ఏనాడూ ఎవరికీ ఎడమచేత్తో ఏదీ ఇవ్వని మనిషి, దాన్ని ఎడమచేత్తో నాకు అందించింది.

"గిది గూడ నువ్వే ఉంచుకో బిడ్డా" అంది.