మణెమ్మ మోసిన సీసా

మణెమ్మ గురించి చెప్పాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. విజయవాడలో ఒక నర్సింగ్ హోములో నేను కాంపౌండరుని. 1972లో ఉయ్యూరు దగ్గరి పల్లె నుంచి, చెరకు నరికే మణెమ్మ తన ఒక్కగానొక్క కొడుకు శౌరయ్యను మా దగ్గరికి తెచ్చింది. అందరూ ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారే, అదే. డాక్టరు గారు కోసి అపెండిక్స్ తీశారు. అది మామూలుగా లేదు. బొటనవేలంత లావున ఉబ్బి, లోపలంతా జిగురు.

"దీన్ని గుంటూరు మెడికల్ కాలేజీకి పంపి పరీక్ష చేయించవయ్యా" అన్నారు.

ఆ రోజుల్లో అలాంటి ముక్కను రోగి తాలూకు వాళ్ళే బస్సులో పట్టుకెళ్ళేవారు. సీసా, చీటీ మణెమ్మ చేతిలో పెట్టాను. ఎందుకో ఏమిటో చెప్పలేదు. చదువురాని మనిషికి ఏం చెబుతాంలే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మర్నాడు వచ్చి "ఇచ్చొచ్చానండీ" అంది. రిపోర్టు రాలేదు. కుట్లు విప్పాం, శౌరయ్య ఇంటికి వెళ్ళాడు. నేను మళ్ళీ అడగలేదు.

మూడేళ్ళకు శౌరయ్య తిరిగొచ్చాడు. కాళ్ళూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం కుండ. తెరిచి చూస్తే కడుపు నిండా అదే జిగురు.

"అప్పటి రిపోర్టేదయ్యా?" అన్నారు డాక్టరు గారు. నేను మణెమ్మ వైపు తిరిగాను. మణెమ్మ గోడవారన కూలబడింది.

"నేను గుంటూరు ఎల్లలేదండి. దాన్ని మా ఆయన పక్కన పూడ్చానండి."

వాళ్ళు కతోలికులు. కడపటి రోజున చనిపోయినవాళ్ళ దేహాలు సమాధుల్లోంచి లేస్తాయని గట్టిగా నమ్మిన మనిషి. మొగుడి చెయ్యి బెల్లం గానుగలో పడి తెగిపోతే, ఆ చేతిని సమాధుల దొడ్లో పాతిపెట్టి, పదేళ్ళకు ఆయన పోతే దాని పక్కనే పడుకోబెట్టింది. కొడుకు ముక్కను ఊరుగాని ఊళ్ళో పారేస్తారంటే ఆమె ప్రాణం ఒప్పలేదు.

"ఇప్పుడు తవ్వి తెస్తానండి" అని ఏడ్చింది. ఆమెను తిట్టబోయి ఆగాను. ఆ హక్కు నాకెక్కడిది?

ఈసారి కొత్త ముక్క ఉన్న సీసాను ఒళ్ళో పెట్టుకుని తనే గుంటూరు వెళ్ళింది. రిపోర్టూ తనే తెచ్చింది. క్యాన్సరు.

"అపెండిక్స్‌లో క్యాన్సరంటే వేలల్లో ఒకరికి వస్తుంది. నేను పుస్తకంలో చదవడమే" అన్నారు డాక్టరు గారు. "మెల్లగా పెరుగుతుందమ్మా. జిగురు నిండినప్పుడల్లా కోసి తీయాలి. కొందరు రెండేళ్ళుంటారు, కొందరు అయిదారేళ్ళు."

"అప్పుడే ఇచ్చుంటే?"

"పక్క పేగు కూడా తీసేసేవాణ్ణి. అయినా ఆగేదని చెప్పలేను."

ఆ రెండో మాట ఆమె వినలేదు.

రెండేళ్ళలో మూడుసార్లు తీశారు. చివరిసారి శౌరయ్య తల్లి ముఖం చూసి, ఆమెను ఎలాగైనా నవ్వించాలనుకున్నాడు.

"బస్సులో తువ్వాలేసినట్టు నాన్న పక్కన నాకు ముందే చోటు పట్టావే అమ్మా!"

మణెమ్మ నవ్వలేదు. అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ బస్సు ఎక్కమాక నాయనా" అంది.

ఆషాఢంలో పోయాడు. ఆ ముక్క పక్కనే పెట్టారు. పిడికెడు మట్టి నేనూ వేశాను.