గుట్టల ఊరికి తుఫాను

ఆ రోజుల్లో నేను బహ్రెయిన్‌లో, అమ్వాజ్ అపార్టుమెంట్లలో నల్లాలు, పైపులు బాగుచేసే పనిలో ఉండేవాణ్ణి. ఉండేది నువైద్రాత్‌లోని కార్మికుల క్యాంపులో. ఒక శుక్రవారం మధ్యాహ్నం టీవీలో తుఫాను వార్త వచ్చింది. నేను పట్టించుకోలేదు. మాది ఆదిలాబాద్ వైపు గుట్టల నడుమ ఊరు. సముద్రాన్ని మొదటిసారి చూసిందే విమానంలోంచి.

పక్క మంచం మీద ఉండే అన్నది కాకినాడ వైపు ఊరు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి అడిగాడు. "మీ ఇల్లు వాగుకి ఎంత దూరం తమ్ముడూ?"

"ఇంటెనకనే అన్నా. తుఫానుతోని మాకేం పని?"

"గాలి మా దగ్గరే తగ్గిపోద్ది. వాన మీ దాకా వచ్చేస్తాది. కొండల మీద పడ్డ నీళ్లన్నీ ఒక్కసారే కిందకి దూకుతాయి. ఫోన్ చెయ్యి."

ఫోన్ కార్డు గీకి ఇంటికి చేశాను. నా భార్య ఇంట్లో బట్టలు కుట్టేది.

"ఆన పడ్తనే ఉంది. ఎన్నడన్న ఇంట్లకచ్చినయా నీళ్లు? మిషనిడిసిపెట్టి యాడికి వోవాలె?" అంది.

"పాపను తీస్కొని గుట్ట కింది బడికి వో!" అని అరిచాను. లైను తెగింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ కలవలేదు.

మర్నాడు డ్యూటీలో ఒక ఫ్లాటులో వాల్వు మూయకుండానే పైపు విప్పేశాను. నీళ్లు హాలు దాకా పాకాయి. ఇంటామె తివాచీ ఎత్తిపట్టి కేకలేస్తుంటే, నేను ఆ నీళ్లనే చూస్తూ నిలబడిపోయాను. ఫోర్‌మన్ నన్ను పక్కకు నెట్టి వాల్వు మూశాడు.

మూడో రోజు ఎవరి ఫోన్ నుంచో నా భార్య గొంతు వినిపించింది.

"మంచిగనే ఉన్నం. పాప ఆడుకుంటుంది."

"బడిలనేనా?"

"బడికి వోలే. గుట్ట మీంచి ఎర్రనీళ్లు కారుతుండె, రాళ్లు జారుతుండె. నాకు గుబులైంది. గల్లీ ఆడోళ్లందరం బ్యాంకు మేడ మీదికెక్కినం. తెల్లారేసరికి గుట్ట జారి బడి గోడ వడ్డది."

"నేనే గదా బడికి వొమ్మన్న" అన్నాను.

"వాగుకు మనింటెనక గోడ గూడ వోయింది. మిషను మటుకు నేనూ పక్కింటక్కా ముందుగాలనే మేడ మీదికి మోసినం" అంది.

ఆ వానాకాలం పోయేదాకా నా మనసు ఒక చోట నిలవలేదు. సెలవు మీద వెళ్లినప్పుడు వాగు ఒడ్డు వదిలి పై వీధిలో అద్దెకు దిగాం. ఏ ఇల్లు తీసుకోవాలో ఆమే చూసింది. నేను సామాను మోశాను.